1513 నాటి మనిషిలా ఒక పూట: చంద్రగిరిలో పాతకాలపు వేషం కట్టేవాళ్లకు తరచుగా అడిగే ప్రశ్నలు

సంక్రాంతి దాటాక ఒక ఆదివారం, చంద్రగిరి దగ్గర తెలిసినవాళ్ల మామిడితోపులో మేం పదిపన్నెండు మందిమి చేరతాం. పంచెలు బిగించి, తలగుడ్డలు చుట్టి, మట్టికుండల్లో వండుకుని, 1513 నాటి మనుషుల్లా ఒక పూట గడుపుతాం. ఎదురుగా కోట కొండ. దారిన పోయేవాళ్లు బండి ఆపి అడుగుతారు, చేరాలనుకునేవాళ్లు ఫోన్ చేసి అడుగుతారు. అందరూ అవే అడుగుతారు. చెప్పిందే చెప్పలేక ఇక్కడ రాసిపెట్టాను. వరసగా చదవక్కర్లేదు, మీ సందేహం ఎక్కడుంటే అక్కడికి పొండి.

## మొదలుపెట్టక ముందు

అన్నా, ఇంతకీ ఇదేంది? నాటకమా, జాతర వేషమా, ఫోటోషూటా?

మూడూ కాదు. తిరుపతి గంగజాతరలో బైరాగి వేషం, బండ వేషం, మాతంగి వేషం కట్టేవాళ్లది మొక్కు. వేషం ఎలా ఉండాలో అక్కడ ఆచారం చెబుతుంది. నాటకంలో చివరి వరసలో కూర్చున్న మనిషికి కూడా కిరీటం మెరవాలి. ఫోటోషూట్‌లో పెళ్లికొడుకు బాగుంటే చాలు. మా దగ్గర ఒంటిమీదున్న ప్రతి వస్తువుకూ ఒకటే ప్రశ్న: ఇది అప్పుడుందని నీకెలా తెలుసు? జవాబుంటే ఉంచుకుంటాం, లేకుంటే తీసేస్తాం.

బయటి దేశాల్లో దీన్ని రీఎనాక్ట్‌మెంట్ అంటారు. ఇంగ్లండులో 1066 నాటి హేస్టింగ్స్ యుద్ధాన్ని, పోలండులో 1410 నాటి గ్రున్‌వాల్డ్ యుద్ధాన్ని ఇప్పటికీ ఇలాగే మళ్లీ ఆడి చూపిస్తారు. వాళ్లు గుంపులు గుంపులుగా వస్తారు, మేం ఒక మినీవ్యానులో పడతాం.

1513 అనే ఎందుకు పట్టుకున్నారు? "విజయనగర కాలం" అంటే చాలదా?

చాలదు. విజయనగరం 1336లో మొదలైంది. ఆఖరి రాయల దాకా లెక్కేస్తే మూడు వందల ఏళ్లు. మూడు వందల ఏళ్ల బట్టలు ఒకే ఒంటిమీద వేసుకోలేం కదా. మీ ముత్తాత తలపాగా, మీ జీన్స్ ప్యాంటు కలిపి వేసుకుని "ఆంధ్రా వేషం" అన్నట్టుంటుంది.

కృష్ణదేవరాయలు తిరుమలకు మొదటిసారి వచ్చింది 1513 ఫిబ్రవరి 10న. 1521 లోపు ఏడుసార్లు వచ్చాడు, శాసనాలు అక్కడి గోడల మీదే ఉన్నాయి. తేదీ అంత గట్టిగా దొరికినచోట కాలు పెడితే మిగతావి తేల్చుకోవడం సులువు. రాజు కొండకు వస్తున్న ఆ నెలలో కింద చంద్రగిరిలో మామూలు మనుషులు ఏం కట్టుకున్నారు, ఏం తిన్నారు అనేదే మేం వెతికేది. మీకు వేరే కాలం ఇష్టమైతే అదే పట్టుకోండి. కృష్ణదేవరాయల కంటే ముందు విజయనగరాన్ని ఏలిన సాళువ నరసింహుడు చంద్రగిరిలో బలపడిన కాలం ఉంది, ఇంగ్లీషువాళ్లకు మద్రాసు నేల దక్కిన 1639 ఉంది. ఏదైనా ఒక ఊరు, ఒక పదేళ్లు, ఒక వృత్తి అనుకుని మొదలుపెట్టండి.

మధ్యయుగం అంటే ఇనప కవచాలు, గుర్రాల మీద నైట్లు కదా? 1513 మధ్యయుగమేనా?

యూరపు లెక్కలో మధ్యయుగం పదిహేనో శతాబ్దంతో అయిపోయింది. మన చరిత్ర పుస్తకాల లెక్కలో విజయనగరం, సుల్తానులు, మొగలులు అందరూ మధ్యయుగమే. పేరు గురించి కొట్లాడుకోవద్దు.

నేను కృష్ణదేవరాయలు వేషం కట్టొచ్చా?

కొత్తగా వచ్చే పదిమందిలో ఎనిమిది మంది అడిగేది ఇదే. కట్టొద్దని ఎవరూ అనరు, కానీ అది అన్నిటికంటే కష్టమైన వేషం. ఎందుకంటే ఆ మనిషి గురించి తెలిసింది ఎక్కువ, కాబట్టి తప్పు ఎక్కువ కనబడుతుంది. పోర్చుగీసువాడు డొమింగో పేస్ 1520 ప్రాంతంలో ఆయన్ను దగ్గర్నుంచి చూసి రాశాడు: మధ్యస్థమైన ఎత్తు, చాయ మనిషి, కాస్త ఒళ్లున్నవాడు, ముఖాన అమ్మవారి మచ్చలు. ఒంటిమీద బంగారు గులాబీలు కుట్టిన తెల్లపట్టు, మెడలో వజ్రాల హారం, తలమీద జరీ టోపీ. కాళ్లకు మాత్రం ఏమీ లేదు, వట్టి కాళ్లే. పొద్దున్నే నువ్వులనూనె తాగి, బరువులెత్తి, కత్తి తిప్పి ఆ నూనె చెమటగా పోయేదాకా కసరత్తు చేసేవాడట. మరి మీరు గిల్టు కిరీటం పెట్టుకుని, జిగురు మీసం అంటించుకుని వస్తే ఎట్లా?

మా దగ్గర మొదటి రెండేళ్లు అందరూ ఎద్దులబండి తోలేవాళ్లు, నేతగాళ్లు, కావడి మోసేవాళ్లు, కాపలా బంటులే. ఈ వేషాలు తక్కువ డబ్బుతో నిజానికి బాగా దగ్గరగా కట్టొచ్చు.

మేం ఆడవాళ్లం. రాణి, చెలికత్తె తప్ప మాకు వేషాలుంటాయా?

బోలెడు. న్యూనిజ్ అనే ఇంకో పోర్చుగీసు వర్తకుడు 1535 ప్రాంతంలో రాసినదాన్ని బట్టి రాయల అంతఃపురంలో లెక్కలు రాసే ఆడవాళ్లు, కుస్తీ పట్టే ఆడవాళ్లు, జోస్యం చెప్పేవాళ్లు, వాయిద్యాలు వాయించేవాళ్లు, కాపలా కాసేవాళ్లు ఉన్నారు. మా బృందంలో ఒక అక్క లెక్కలు రాసే మనిషి వేషం కడుతుంది. తాటాకు, గంటం పట్టుకుని కూర్చుంటే చుట్టూ చేరే జనం కత్తులవాళ్ల దగ్గర కూడా ఉండరు.

ఏ కులంవాళ్లు ఏ వేషం కట్టాలని ఏమైనా ఉందా? అప్పట్లో అలాగే ఉండేది కదా?

లేదు. ఎవరైనా ఏ వేషమైనా కట్టొచ్చు. "అసలైనది కావాలంటే అదీ ఉండాలి కదా" అని ఒకాయన వాదించాడు. బట్ట అసలైనది ఉండాలి, కుండ అసలైనది ఉండాలి. ఇప్పటి మనిషిని అప్పటి లెక్కన దూరం కూర్చోబెట్టడం మా సరదా కోసం చేసే పని కాదు. అయితే ఇంకోవైపు తప్పూ చేయకూడదు. చూడవచ్చినవాళ్లు అడిగితే "అప్పుడు అందరూ కలిసి కూర్చుని తిన్నారు" అని అబద్ధం చెప్పం. మేం కలిసి తింటున్నాం, వాళ్లు తినలేదు అని ఉన్నమాట చెబుతాం.

ఎంత ఖర్చవుతుంది?

బంటు వేషానికి ఒక మంచి చేనేత పంచె, ఒక తలగుడ్డ, ఒక ఉత్తరీయం, ఒక తోలు చెప్పుల జత. పంచె తాతది బీరువాలో ఉంటే అదీ మిగులు. రాజు వేషానికైతే హద్దులేదు.

## ఆధారాల గురించి

ఏది నమ్మాలి? సినిమాలో చూసిందా, స్కూలు పుస్తకంలో బొమ్మా?

రెండూ వద్దు. అప్పటి చేయి గీసిందీ, చెక్కిందీ, రాసిందీ నమ్మండి. మనకు దగ్గర్లో ఉన్నవి చెబుతాను.

తిరుమల ఆలయంలో మహాద్వారం దాటగానే కుడివైపు కృష్ణదేవరాయలు, తిరుమలదేవి, చిన్నాదేవి చేతులు జోడించి నిలబడ్డ లోహ విగ్రహాలున్నాయి. మనం లైనులో తోసుకుంటూ వాటిని చూడకుండానే పోతాం. ఎదురువైపు ఆయన తర్వాత రాజైన తమ్ముడు అచ్యుతరాయలు, ఇంకా తర్వాతి రాజు వెంకటపతిరాయల విగ్రహాలు. ఇంతకంటే దగ్గరి సాక్ష్యం ఎక్కడా లేదు. కానీ ఒక మాట. వాళ్లు దేవుడి ముందు నిలబడ్డ భక్తులు. కొలువులో ఏం తొడుక్కున్నారో దీన్నిబట్టి చెప్పలేం.

కొలువు బట్టలకు లేపాక్షి పోవాలి. వీరభద్రాలయం కప్పుమీది బొమ్మలు అచ్యుతరాయల కాలానివి. కుల్లాయిలనే పొడుగు టోపీలు, చీరల అంచులు, బట్టలమీది డిజైన్లు అన్నీ రంగుల్లో కనబడతాయి. మెడ నొప్పి పుట్టేదాకా పైకి చూడండి, తప్పదు. సైనికుల కోసమైతే చిత్తూరువాళ్లకు వేలూరు పక్కనే. జలకంఠేశ్వరాలయం కల్యాణమండపం స్తంభాల మీద ఎగిరే గుర్రాలు, వాటికింద బంటులు, నడుముల్లో కటారులు. అది 1513 కంటే కాస్త తర్వాతిదని మాత్రం గుర్తుంచుకోండి.

ఇక మాటల సాక్ష్యం. బర్బోసా అనే మరో పోర్చుగీసువాడు 1516 ప్రాంతంలో, పేస్, న్యూనిజ్ తర్వాత రాశారు. వాళ్లు చూసింది ఎక్కువగా పెద్దవాళ్లను, రాజధానిని. తిరుమల శాసనాలను దేవస్థానంవాళ్లు 1930లలోనే సంపుటాలుగా అచ్చువేశారు. అందులో బట్టల మాట తక్కువ, తిండి మాట ఎక్కువ. శ్రీనాథుడిదని చెప్పుకునే చాటువు ఒకటుంది. కన్నడ రాజ్యానికి పోయి కుల్లాయి పెట్టి, కోక చుట్టి, కూర్పాసం అనే కుట్టు చొక్కా తొడుక్కోవాల్సి వచ్చిందని అందులో ఏడుస్తాడు. కొలువు బట్టలు అలవాటులేని తెలుగువాడికి అవి ఎంత ఇబ్బందో ఆ ఒక్క పద్యంలో తెలుస్తుంది.

విగ్రహం, బొమ్మ, మాట: ఈ మూడింటిలో రెండు ఒప్పుకుంటే మేం ఆ వస్తువు వాడతాం.

తిరుమల విగ్రహాల ఫోటో పంపిస్తారా?

మా దగ్గర లేదు. గుడి లోపలికి ఫోన్, కెమెరా రానివ్వరు, రానివ్వకపోవడమే మంచిది. నేను చేసేది ఏమిటంటే, దర్శనానికి వెళ్లిన ప్రతిసారీ ఒక్క భాగమే చూస్తాను. ఒకసారి టోపీ, ఒకసారి నడుము కట్టు, ఒకసారి పంచె అంచు. బయటికొచ్చి దిగే బస్సులో నోటుబుక్కులో గీస్తాను. ఘాట్ రోడ్డు మలుపుల్లో గీత వంకరపోతుంది. నాలుగేళ్లలో విగ్రహం చాలావరకు వచ్చింది.

కోటలో ఉన్న రాజమహల్ ముందు నిలబడి ఫోటో దిగితే 1513 అయినట్టేనా?

భవనం బాగుంటుంది, సందేహం లేదు. చెక్క దూలం లేకుండా రాయి, ఇటుక, సున్నంతో కట్టారు. కానీ ఇప్పుడు చూస్తున్న రూపాన్ని పండితులు ఎక్కువగా విజయనగరపు చివరి వంశమైన ఆరవీడు రాజులతో, అంటే రాజధాని చంద్రగిరికి మారిన తర్వాతి కాలంతో ముడిపెడతారు. అందుకే మా ఫోటోల్లో వెనకాల కొండ, బండలు, చింతచెట్టు ఉంటాయి. మహల్ ఉండదు.

దేనికీ ఆధారం దొరక్కపోతే ఏం చేయాలి?

సాదాగా వదిలేయండి. అంచు ఎలా ఉండేదో తెలియదా, అంచులేని తెల్లబట్ట కట్టండి. ఊహించి పూలు కుట్టడం కంటే అది మేలు.

## బట్టలు, కుట్టు

వట్టి పంచె కడితే చాలా? మరీ పేదగా ఉండదా?

బర్బోసా రాసినట్టు మగవాళ్లకు నడుమున చాలా మడతలుగా చుట్టిన బట్ట, ముందువైపు తెరిచి ఉండే పొట్టి తెల్ల చొక్కా, తలమీద చిన్న తలపాగా లేదా టోపీ. ఆడవాళ్లకు అయిదు గజాల బట్ట, సగం నడుముకు చుట్టి, సగం ఒక భుజం మీదుగా ఎదమీదికి. ఒక చేయి బయటికే. ఆ చొక్కా కూడా కాస్త ఉన్నవాళ్లదే అనుకుంటాను. బండి తోలేవాడికి పంచె, తలగుడ్డ చాలు. కుచ్చిళ్లు లంగాలో దోపి, పైట పిన్నుపెట్టి కట్టే ఇప్పటి చీరకట్టు మాత్రం వద్దు.

షాపువాడు ప్యూర్ కాటన్ అన్నాడు. ఎలా నమ్మేది?

ఒక దారం లాగి నిప్పంటించండి. నూలైతే కాగితం కాలిన వాసన, వేలితో నలిపితే బూడిద. పట్టైతే వెంట్రుక కాలిన వాసన. పాలిస్టరైతే కరిగి నల్లటి గట్టి ముద్ద అవుతుంది. షాపులోనే చేయకండి, నన్నొకసారి బయటికి పంపారు. నగరి, పుత్తూరు మరమగ్గాల బట్ట చవకే, దూరం నుంచి తేడా తెలియదు. కానీ చేనేత బట్ట కట్టుకుని ఎండలో ఒక పూట తిరిగితే ఒంటికే తెలుస్తుంది.

కుల్లాయి, కబాయి ముస్లింల బట్టలు కదా? హిందూ రాజు అవి ఎందుకు వేసుకుంటాడు?

ఈ ప్రశ్న ఒక్కోసారి అమాయకంగా వస్తుంది, ఒక్కోసారి కొట్లాటకే వస్తుంది. రెండింటికీ జవాబు ఒకటే. కుల్లాయి మాట పారసీ "కులాహ్" నుంచి, కబాయి మాట అరబ్బీ "ఖబా" నుంచి వచ్చాయి. పొడవు చేతుల కుట్టుబట్ట, పొడుగు టోపీ అప్పట్లో పారసీక తీరపు హోర్ముజ్ రేవు నుంచి దక్కన్ దాకా కొలువుల్లో పెద్దమనిషి తొడుగు. దేశదేశాల రాయబారులు, గుర్రాల వర్తకులు వచ్చే సభలో రాయలూ అదే తొడిగాడు. విజయనగర రాజులు శాసనాల్లో తమను తాము "హిందూరాయ సురత్రాణ" అని చెప్పుకున్నారు. సురత్రాణ అంటే సుల్తానే, సంస్కృతపు చొక్కా తొడుక్కున్న సుల్తాను. ఆ బిరుదు పెట్టుకోవడానికి సిగ్గుపడనివాళ్లు టోపీకి సిగ్గుపడతారా?

ఇవాళ మనం కోటు, టై వేసుకుని ఆఫీసుకు పోయి, ఇంటికొచ్చి పంచె కట్టుకుని పూజ చేస్తాం. వాళ్లదీ దాదాపు అంతే. కుల్లాయి తీసేసి అట్టకిరీటం పెడితే వేషం "మనది" అవుతుందని కొందరనుకుంటారు. కిరీటం నాటకాలది, కుల్లాయే రాయలది.

ఇంకో సంగతి. బండి తోలేవాళ్లు, కావడివాళ్లు కుల్లాయి పెట్టకండి. అది కొలువుకు పోయేవాళ్ల టోపీ.

కాళహస్తి కలంకారీ పక్కనే దొరుకుతుంది. వేసుకోవచ్చా?

పద్ధతి పాతదే. కరక్కాయ, గేదెపాలలో బట్ట నానబెట్టడం, ఇనుము, బెల్లం పులియబెట్టిన కసిమితో నల్లగీత, పటికతో ఎరుపు పట్టించడం. ఈ తీరాన రంగులద్దిన నూలుబట్ట సముద్రాలు దాటిపోయేది. అయితే ఇప్పుడు చీరల మీద, దుపట్టాల మీద వచ్చే బుద్ధుడి ముఖాలు, రాధాకృష్ణులు ఇటీవలి బజారు కోసం. 1950లలో కొడిగట్టిన ఈ పనిని మళ్లీ నిలబెట్టాక వచ్చిన మార్పులు చాలా ఉన్నాయి. లేపాక్షి బొమ్మల్లో కనిపించే చిన్నచిన్న పూలు, గీతలు, హంసబారులు చూపించి అలా వేసిమ్మని అడగండి. కాళహస్తిలో వేసిస్తారు, కానీ తొందరపెట్టకండి.

రంగులు ఏవి వాడొచ్చు?

నీలిమందు నీలం, చిరివేరు ఎరుపు, పసుపు, కసిమి నలుపు, వీటి కలయికలు. 1856లో మొదటి కృత్రిమ రంగు పుట్టింది. ఫ్లోరసెంట్ ఆకుపచ్చ, పెళ్లిళ్ల గులాబీ దాని మునిమనవళ్లు. రసాయన నీలం కొన్నా పరవాలేదు, చూడ్డానికి నీలిమందులా ఉంటే చాలు.

కుట్టు మిషను, సేఫ్టీపిన్నులు వాడొచ్చా?

లోపలి కుట్టు మిషనుమీద, బయటికి కనిపించే కుట్టు చేత్తో. మాది ఆమాత్రం రాజీ. పిన్ను మాత్రం వద్దు, అది 1849లో పుట్టింది. ఒక ఏడు చూడవచ్చిన ఆరో తరగతి పిల్ల నా నడుము దగ్గర పిన్ను చూపించి "అంకుల్, ఇది రాయలు ఇచ్చిందా?" అంది. అప్పట్నుంచి ముడులే.

నాకు కళ్లజోడు లేకుండా కనబడదు. తీసేయాలా?

తీయొద్దు. సైటున్నవాడు కళ్లజోడు తీసి మంట దగ్గర తిరిగితే వేషం కంటే ముందు మనిషి కాలతాడు. పైగా ఇందులో ఒక తమాషా ఉంది. సాళువ నరసింహుడి కాలంలో చంద్రగిరిలో ఉండి, తిరుమలలో స్వామిసేవ చేసి, తర్వాత కృష్ణదేవరాయల గౌరవం పొందిన మధ్వ గురువు వ్యాసరాయలు 1520 ప్రాంతంలో కళ్లద్దాలతో పుస్తకం చదివారని ఆయన చరిత్ర రాసిన సోమనాథకవి చెబుతాడు. మన దేశంలో కళ్లజోడుకు తొలి సాక్ష్యాల్లో అదొకటి. కాబట్టి గుండ్రటి సాదా ఫ్రేము పెట్టుకుని, పండితుడి వేషం కట్టండి. బండివాడికి కళ్లజోడెందుకని ఎవరైనా అడిగితే నవ్వేయండి.

చెప్పులా, వట్టి కాళ్లా?

పేస్ చూసినంతలో దాదాపు అందరూ వట్టికాళ్లే. కొందరికి మొన తేలిన జోళ్లు, కొందరికి అట్ట, పైన పట్టీలు మాత్రమే ఉండే చెప్పులు. తోలుపట్టీల చెప్పులు వాడండి. రబ్బరు అట్ట కిందుగా ఉంటే మేం చూసీచూడనట్టు పోతాం, చంద్రగిరి పల్లేరుకాయలు అలాంటివి.

## ఆయుధాలు

అసలు కత్తి తెచ్చుకోవచ్చా?

వద్దు. తొమ్మిది అంగుళాల పొడవు, లేదా రెండంగుళాల వెడల్పు దాటిన పదునైన కత్తులు, ఈటెలు ఆయుధాల చట్టం నియమాల్లోకి వస్తాయి. మా దగ్గర అన్నీ కొయ్యవే, లేదా అంచులేని మొద్దు ఇనుము. కొయ్యవాటిని ఏర్పేడు దగ్గర మాధవమాల పనివాళ్ల చేత చెక్కించుకోవచ్చు, చెయ్యి తిరిగినవాళ్లు. ఒకాయన "ఎర్రచందనంతో చేయించు సామీ, బరువుగా ఉంటుంది" అని సలహా ఇచ్చాడు. కత్తికి చిక్కని కేసు కట్టెకు చిక్కుతుంది. వేప, తుమ్మ చాలు.

ఆన్‌లైన్‌లో పెళ్లి తల్వార్ దొరుకుతోంది, అది పనికొస్తుందా?

పిడి చివర గుండ్రటి పళ్లెం, వంపు తిరిగిన అలుగు ఉన్న ఆ కత్తి రాజపుత్ర, మొగలు కొలువుల్లో తర్వాత పెరిగింది. దక్షిణాదికి కటారి చూడండి. గుప్పిటతో అడ్డంగా పట్టుకునే పిడి, చేతివెనుక ఆకులా కప్పే రేకు. నడుములో దోపుకుంటే బంటు వేషం నిండిపోతుంది.

కర్రసాము వచ్చు నాకు. అది అప్పటి యుద్ధవిద్యే కదా?

మంచి విద్య, తప్పక చూపించండి. కానీ "ఇది 1513 నాటిదే" అనొద్దు. గురువు నుంచి శిష్యుడికి వచ్చిన విద్య ప్రతి తరంలో మారుతుంది. "మా ఊళ్లో ఇప్పుడు ఆడే కర్రసాము" అని చెప్పి ఆడితే ఎవరికీ అభ్యంతరం లేదు.

తుపాకులు లేవా అప్పుడు?

ఉన్నాయి. పేస్ చూసిన సైన్యంలో తుపాకులవాళ్లు ఉన్నారు. మా దగ్గర లేవు, పెట్టుకోం కూడా.

## తిండి

సంగటి, ఊరిబిండి వండుకుంటారా? అసలైన చిత్తూరు తిండి కదా!

సంగటి సరే, రాగులు ఎప్పట్నుంచో ఉన్నాయి. ఊరిబిండి దగ్గరే దెబ్బ. అందులో చెనక్కాయలు అమెరికా నుంచి వచ్చాయి. మిరపకాయా అంతే. టమాటా వేస్తే అదీ అంతే. పోర్చుగీసు ఓడలు మన తీరానికి వచ్చింది 1498లో. ఆ పంటలు ఊళ్లకు పాకి మన నాలుకకు అలవాటవడానికి చాలా కాలం పట్టింది. చెనక్కాయ లేని చిత్తూరు, టమాటా లేని మదనపల్లె ఎలా ఉండేవో ఊహించుకోవడానికే నాకు కష్టం. బంగాళాదుంప, మొక్కజొన్న, జామ, బొప్పాయి, జీడిపప్పు, పొగాకు, అన్నీ అవతల ఖండానివే. సీతాఫలం కూడా. సీతమ్మ పేరు పెట్టినంత మాత్రాన ఊరు మారదు.

మరి ఏం వండాలి? సంగటిలోకి ఉలవచారు. అనపకాయల కాలం కాబట్టి పితికిన పప్పు, కారానికి మిరియాలు, పులుపుకు చింతపండు. నువ్వులపొడి. మజ్జిగ. తీపికి బెల్లం, చివర్లో తాంబూలం. మిరియాల కారం గొంతులో పట్టుకుంటుంది, నాలుక మీద మండదు. మొదటిసారి తిన్నవాళ్లందరూ "ఏదో తగ్గింది" అంటారు. తగ్గింది మిరపకాయే.

ప్రసాదంగా లడ్డూ పంచొచ్చా?

పంచితే ఎవరు కాదంటారు! కానీ ఇప్పటి బూందీ లడ్డు చాలా తర్వాతిది. ఆనాటి తిరుమల శాసనాల్లో అప్పపడి, అతిరసపడి, సుఖియపడి, మనోహరపడి అని పేర్లున్నాయి. అతిరసం అంటే మన అరిసె. సంక్రాంతి అరిసెలు ఇంకా డబ్బాలో ఉండే రోజులే కాబట్టి మాకు తేలిక.

## ఆ రోజున

కోట లోపలే ఎందుకు చేయరు?

అది పురావస్తు శాఖ కాపాడే కట్టడం. సభలు, విందులు, సినిమా తరహా షూటింగు అనుమతి లేకుండా కుదరవు. పొయ్యి పెట్టడం అనే మాటే వద్దు. వేషంతో టిక్కెట్టు కొని లోపలికి పోవచ్చా అంటే, కొయ్య కత్తయినా గేటు దగ్గర ఆపుతారు, ఆపడం వాళ్ల పని. తోపులో ఉంటే అందరికీ హాయి. తిరుమల కొండమీదికి మాత్రం ఈ వేషాలతో ఎప్పుడూ పోము. అది చరిత్ర చూపించే చోటు కాదు, దేవుణ్ని చూసే చోటు.

ఏ నెలలో పెడితే మంచిది?

సంక్రాంతి నుంచి శివరాత్రి లోపు. నవంబరులో వాన, మే నెలలో ఎండ దెబ్బ. దూదిపెట్టి కుట్టిన యుద్ధపు చొక్కా మే నెలలో తొడిగిన మా వాడు మధ్యాహ్నానికి చెట్టుకింద పడుకున్నాడు. ఓఆర్‌ఎస్ పొట్లాం 1513లో లేదు, అయినా కలిపి తాగించాం.

ఏ భాషలో మాట్లాడాలి? గ్రాంథికం రావాలా?

నాటకాల గ్రాంథికం వద్దే వద్దు. "ఓయీ, ఎచటికి పోవుచున్నావు" అని ఏ బండివాడూ అనలేదు. అప్పటి మాట కావాలంటే అన్నమయ్య పదాలు వినండి. ఆయన 1503లో పోయారు, మా తేదీకి పదేళ్ల ముందు. ఆ పదాల్లో ఇంటి మాట, వీధి మాట ఉంటుంది. ఇంకోటి, తిరుమల శాసనాల్లో ఎక్కువ భాగం తమిళం. తెలుగు, కన్నడం కూడా ఉన్నాయి. తమిళం వచ్చినవాళ్లు రెండు ముక్కలు తమిళంలో మాట్లాడితే ఈ ప్రాంతానికి అదే సహజం, ఇప్పటికీ అంతే కదా.

మేం చేసేది సులువు. మామూలు చిత్తూరు యాసలో మాట్లాడతాం, ఇంగ్లీషు మాట దొర్లితే ఒక తమలపాకు జరిమానా. సాయంత్రానికి కట్టలు కట్టలు చేరతాయి.

ఫోన్ ఎక్కడ పెట్టాలి? నీళ్ల బాటిలు?

గుడ్డసంచిలో. బాటిలు కూజాలో దాచండి. ఇన్సులిన్, ఇన్‌హేలర్ లాంటివి ఎక్కడంటే అక్కడ, దాచనక్కర్లేదు.

చూడవచ్చినవాళ్లు "అంతా కరెక్టేనా?" అంటే ఏం చెప్పాలి?

కాదని చెప్పండి. ఏది ఆధారంతో చేశాం, ఏది రాజీ, వేలుపెట్టి చూపించండి. "ఈ పంచె కట్టు విగ్రహం చూసి, ఈ చెప్పు అట్ట బజారుది." బయటి దేశాల్లో పది అడుగుల లెక్క అని ఒకటి చెబుతారు, పది అడుగుల దూరం నుంచి సరిగ్గా ఉంటే చాలని. మన జనం పది అడుగుల దూరంలో ఆగరు. దగ్గరికొచ్చి బట్ట పట్టుకుని చూస్తారు.

## తర్వాత

మా బృందంలో ఒకాయన అందరి బట్టల్లో తప్పులు పడుతున్నాడు. ఎలా వేగేది?

ప్రతి బృందంలో ఒకరుంటారు. మా దాంట్లో అది నేనే అని మావాళ్లంటారు. మేం పెట్టుకున్న పద్ధతి: వేషం రోజున ఎవరూ ఎవరికీ తప్పు చెప్పకూడదు. వారం తర్వాత కాఫీకి కూర్చున్నప్పుడు, అడిగితేనే, ఆధారం చూపించి చెప్పాలి. "అలా ఉండదు" అంటే చాలదు, ఎలా ఉంటుందో బొమ్మ చూపించాలి.

డబ్బు పెట్టి చేయించుకున్నది తప్పని తేలింది. పారేయాలా?

నా మొదటి కబాయి నాటకాల బట్టలు అద్దెకిచ్చే చోట చూసి కుట్టించుకున్నది. ఎర్ర సింథటిక్ వెల్వెట్, అంచులకు తళుకులు, వీపున జిప్పు. అది తొడుక్కుని తోపు గట్టుమీద నిలబడితే మేకలు తోలుకుపోతున్న ఒక పెద్దాయన ఆగి "ఏ నాటకం నాయనా, రాత్రికేనా?" అని అడిగాడు. అప్పుడు ఉక్రోషం వచ్చింది. ఇంటికొచ్చి లేపాక్షి ఫోటో పక్కన పెట్టి చూసుకున్నాక ఆయనదే రైటని తెలిసింది. పారేయలేదు. జిప్పు ఊడదీసి మా ఆవిడ దాన్ని రెండు సంచులుగా కుట్టింది. ఇప్పుడు మట్టికుండలు పగలకుండా అందులోనే చుట్టి తోపుకు తీసుకుపోతాం, దించగానే సంచులు వ్యానులో దాచేస్తాం.